చెప్పి చెడిపోయే సైకిలు

మా తోడల్లుడి కొడుక్కి ఈ చలికాలం సైకిలు మీద కోనసీమంతా తిరిగి రావాలని కోరిక పుట్టింది. షాపుకెళ్లి అడిగితే, టూరింగ్ అంటే కనీసం 50 వేలు పెట్టాలి సార్, తక్కువలో తీసుకుంటే దారిలో ఇబ్బంది పడతారు అన్నారట. వాళ్లింట్లో వాళ్ల తాతగారి అట్లాస్ సైకిలు ఒకటి వసారాలో గోనెపట్టా కప్పుకుని ఉంది. నాకు ఫోన్ చేసి, "పెదనాన్నా, మీరు ఆ పాత బండి మీదే కదా రోజులకి రోజులు తిరుగుతారు. అది నిజంగా పనికొస్తుందనా, లేకపోతే దాని మీద ప్రేమ కొద్దీనా?" అని అడిగాడు.

ప్రేమ ఉంది, దాచుకోవాల్సిన పనేం లేదు. కానీ వాడు అడిగింది పనికొస్తుందా అని. పనికొస్తుందనే నా నమ్మకం, కాకపోతే అందరూ చెప్పే కారణాలతో నాకు పేచీ ఉంది. పాత సైకిళ్లంటే ఇష్టపడేవాళ్లు మామూలుగా రెండు మాటలు చెబుతారు. ఆ కాలం సరుకు, చెడిపోదు అని ఒకటి. స్టీలు కదా, విరిగినా ఏ ఊళ్లో అయినా వెల్డింగ్ పెట్టేస్తారు అని ఇంకోటి. రెండిట్లోనూ సగమే నిజం ఉంది. పాత సైకిలు చెడిపోతుంది, కొత్తదాని కంటే ఎక్కువసార్లే చెడిపోతుంది. అయితే అది చెప్పి చెడిపోతుంది. ఒక పూట ముందో రెండు రోజుల ముందో, వినడం అలవాటైన మనిషికి తన బాధ చెప్పుకుంటుంది. ఇంటికి దూరంగా, రోజుల తరబడి ఊరి తర్వాత ఊరు దాటుకుంటూ పోయేవాడికి ఇంతకు మించి కావాల్సిన గుణం ఇంకోటి లేదని నేననుకుంటాను.

లస్కరు బండి

నా సైకిలు మా మేనమామది. ఆయన బందరు కాలువ మీద లస్కరుగా చేశారు. తెల్లారితే గట్టు మీదే తిరుగుడు, నీళ్లు ఎంత మట్టాన ఉన్నాయో చూసుకోవడం, గట్టు ఎక్కడైనా జారుతుంటే పైవాళ్లకి కబురు పెట్టడం. మద్రాసు అంబత్తూరులో టీఐ సైకిల్స్ వాళ్లు చేసిన హెర్క్యులస్ అది. ఆయన పోయాక మా అత్తయ్య, "దీన్ని ఇనప సామానువాడికి ఇవ్వలేనురా, నువ్వే తీసుకెళ్లు" అంది.

బండి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. 28 అంగుళాల చక్రాలు, ఒకటిన్నర అంగుళాల టైరు, ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక దానికి 40, ముందు 44 పళ్ల చక్రం, వెనక 18 పళ్ల ఫ్రీవీలు, కడ్డీ బ్రేకులు. క్యారియరు, స్టాండు కలుపుకుంటే 20 కిలోలు దాటుతుంది. ఫోర్కు బాగా ముందుకి వంగి ఉంటుంది, రెండు చక్రాల మధ్య ఎడం ఎక్కువ, అందుకే గతుకుల గట్టు మీద కూడా చేతులు లాగవు. అసలు ఈ నమూనా బండి పుట్టిందే సరైన రోడ్లు లేని చోట బరువు వేసుకుని తిరగడానికి. టూరింగ్ అని మనం కొత్తగా పేరు పెట్టుకున్నాం గానీ, మా మామయ్య చేసిన ఉద్యోగం మొత్తం అదే.

ఇక అది చెప్పే సంగతులు. పెడలు కాడని (క్రాంకుని) ఇరుసుకి బిగించే కాటరు పిన్ను వదులవడం మొదలైతే, మొదటిరోజు వంతెన ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కితే మాత్రమే ఎడమ కాలి కింద చిన్న కుదుపు తెలుస్తుంది. మర్నాటికి కూర్చుని తొక్కినా తెలుస్తుంది. ఆ తర్వాత టక్ మని వినపడుతుంది. అంటే సుమారు రెండు రోజుల నోటీసు. వెనక ఇరుసు దగ్గర బాల్స్‌ని బిగించి ఉంచే కోను వదులైతే గతుకులో మడ్‌గార్డు చప్పుడు మారుతుంది. వెనక చక్రం పుల్ల తెగితే టింగ్ మంటుంది, చక్రం కాస్త వంకరపోయి బ్రేకు రబ్బరు ఒకచోట రాసుకుంటుంది. ఇంకా 39 ఉన్నాయి కాబట్టి సాయంత్రానికి ఏదో ఒక ఊరు చేరి బెండు తీయించుకోవచ్చు. ఫ్రేముకి పగులు వచ్చినా అంతే. పెయింటు మీద వెంట్రుక లాంటి గీత, దాని చుట్టూ ఎర్రటి తుప్పు మరక కనిపిస్తాయి. వారానికోసారి తడిగుడ్డ పెట్టి తుడిచేవాడి కంట పడకుండా పోదు.

దీనికి లోహశాస్త్రంలో కూడా ఆధారం ఉంది. స్టీలు మీద పడే ఒత్తిడి ఒక హద్దు దాటనంత కాలం, ఎన్ని లక్షలసార్లు వంగి లేచినా అది అలిసిపోయి విరగదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న చిన్న ఒత్తిళ్లు కూడా లెక్కలో చేరుతూనే ఉంటాయి. అలాగని అల్యూమినియం సైకిళ్లన్నీ విరుగుతాయని కాదు, బాగా తయారుచేసినవి ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. స్టీలుకి తుప్పు అనే జబ్బు వేరే ఉంది, అందులోనూ సముద్రపు గాలి తగిలే ఊళ్లలో గొట్టాల లోపలి నుంచి తింటుంది. నేనంటున్నది జబ్బు లేదని కాదు, దాని లక్షణాలు పైకి కనపడతాయని.

నాతో ఒకసారి నరసాపురం దాకా వచ్చిన స్నేహితుడి గేర్ల సైకిలు నాదానికంటే ఎన్నో రెట్లు హాయిగా నడిచింది. రేవు దగ్గర పంటు కోసం ఆగి టీ తాగుతుంటే స్టాండు జారి కుడివైపుకి పడింది. చూస్తే ఏమీ కాలేదు. సఖినేటిపల్లి వైపు దిగి కాస్త దూరం వెళ్లాక గేరు మార్చాడు, వెనక గేరు కాస్తా పుల్లల్లోకి వెళ్లిపోయింది. ఫ్రేముకి గేరుని పట్టి ఉంచే చిన్న ముక్క వంగిందన్నమాట. ఆ ముక్క ఒక్కో మోడలుకి ఒక్కో రకం, ఆ చుట్టుపక్కల ఎక్కడా దొరకదు. పాపం సైకిలుని బస్సు మీద వేసుకుని వెనక్కి వెళ్లాడు. ఆ సైకిలు చెడ్డదని నేనను. అప్పటిదాకా అది ఒక్క మాట చెప్పలేదు, అంతే.

ఒక కాటరు పిన్ను

బందరు నుంచి కాకినాడ వైపు వెళ్తున్నప్పటి సంగతి. పెడన దగ్గర మొదలైన కుదుపు కృత్తివెన్ను దాటేసరికి చప్పుడైంది. 216 హైవే పక్కన ఒక పంక్చరు షెడ్డు కనిపించింది. కంప్రెసర్ ఉంది, ట్యూబ్‌లెస్ టైర్లకి పెట్టే సామానంతా ఉంది. పాతికేళ్లుండవు కుర్రాడికి. సైకిలుని చూసి, "గాలి కొట్టమంటే కొడతానండి, ఇది మాత్రం నాకు రాదు. ఉండండి, నాన్నని పిలుస్తాను" అన్నాడు.

పెద్దాయన వచ్చి కింద కూర్చున్నాడు. పెడలు పట్టుకుని రెండుసార్లు ఊపి, "పిన్ను అరగలేదండి, ముందు వేసినోడు సరిగ్గా రాయలేదు" అన్నాడు. నట్టుని పూర్తిగా తీయకుండా పిన్ను కొసతో సమానంగా ఉండేటట్టు వదులు చేశాడు, దెబ్బకి మరలు చెడిపోకుండా. క్రాంకు కింద ఒక ఇనప గొట్టం ముక్క నిలబెట్టాడు, ఆ దెబ్బ లోపలి బాల్స్ మీద పడకుండా నేలలోకి పోవాలి కాబట్టి. సుత్తితో ఒక్కటే దెబ్బ, పిన్ను ఊడి వచ్చేసింది. కొత్త పిన్నుని పట్టకారులో బిగించి, దాని చదునైన వైపు ఆకురాయితో రెండు రాపులు రాసి, దూర్చి, మళ్లీ తీసి నాకు చూపించాడు. "ఇదిగో, ఈ మూల ఒక్కటే మెరుస్తోంది కదా. అంటే ఇక్కడే ఆనుతోంది. మొత్తం మెరవాలి." మళ్లీ రాశాడు, మళ్లీ దూర్చాడు, మళ్లీ తీసి వెలుతురులో పెట్టి చూశాడు. తొందర అనేదే లేదు ఆయన చేతిలో. చివరికి సుత్తితో దింపి నట్టు బిగించి, "ఓ పది కిలోమీటర్లు తొక్కాక ఆగి ఇంకోసారి బిగించుకోండి, అప్పటికి కూర్చుంటుంది" అని చెప్పాడు. కాకినాడ దాకా ఆ పెడలు మళ్లీ నోరెత్తలేదు.

అంతసేపూ ఆ కుర్రాడు పక్కనే ఉన్నాడు గానీ ఫోను చూసుకుంటున్నాడు. వాణ్ని తప్పు పట్టడానికి లేదు, రోజుకి ఎన్ని సైకిళ్లు వస్తాయి ఆ షెడ్డుకి? ఊళ్లో పొలం వెళ్లే రైతు కూడా మోపెడ్ మీదే వెళ్తున్నాడు. నా వాదనకి అన్నిటికంటే గట్టి ఎదురు ప్రశ్న ఇదే, నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేదీ ఇదే. పాత సైకిలు బలం సగం దానిలో ఉంటే సగం దారి పొడుగునా కూర్చున్న ఇలాంటి పెద్దాయనల్లో ఉంది. ఆ సగం తగ్గిపోతోంది. సరుకు సంగతీ అంతే. ఆసన్‌సోల్‌లో రాలీ సైకిళ్లు చేసిన సేన్-రాలీ కంపెనీ ఎప్పుడో పోయింది. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్, తనకి మిగిలిన సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆపేసింది 2020 జూన్ 3న. అది ప్రపంచ సైకిలు దినోత్సవం. ఇప్పుడు దొరికే కాటరు పిన్నుల్లో కొన్ని ఎంత మెత్తగా ఉంటున్నాయంటే రెండు దెబ్బలకే చపటగా అయిపోతాయి.

మరి ఏ ధైర్యంతో వెళ్లడం? ఆ పెద్దాయన వాడిన సామాను ఇంకోసారి చూడండి: సుత్తి, ఆకురాయి, స్పానరు, గొట్టం ముక్క. కంప్యూటరు లేదు, నూనెతో పనిచేసే బ్రేకు గొట్టాల్లో గాలి తీసే పని లేదు, కంపెనీ వాళ్లే అమ్మే ప్రత్యేకమైన పరికరం లేదు. ఓపిక ఉన్న ఎవరైనా ఒక ఆదివారం కూర్చుని నేర్చుకోగల పని. దారిలో తగ్గిపోతున్న పనితనం కొంతైనా తొక్కేవాడి చేతిలోకి రావాలి, ఈ సైకిలు విషయంలో అది సాధ్యం. నేను నేర్చుకున్నాను. పిన్నులు, వాల్‌ట్యూబు రబ్బరు, పుల్లలు, ఒక మడత టైరు ఇప్పుడు నాతోనే ఉంటాయి.

1963లో ఐర్లండ్ నుంచి ఢిల్లీ దాకా ఒంటరిగా సైకిలు మీద వచ్చిన డెర్వ్లా మర్ఫీ చేసింది కూడా ఇలాంటి ఆలోచనే. ఆవిడది ఆర్మ్‌స్ట్రాంగ్ కాడెట్ అనే స్టీలు సైకిలు. ఆసియా రోడ్లకి నిలవవని బయల్దేరే ముందే గేర్లు తీయించేసింది. కానీ టైర్లు మాత్రం దారిలో దొరుకుతాయిలే అనుకోకుండా ముందుగానే పోస్టులో పంపించుకుంది. చెడిపోయే వస్తువులు తగ్గించుకోవడం, తప్పక అరిగిపోయేవాటికి ముందే ఏర్పాటు చేసుకోవడం. ఈ పద్ధతిలో నాకు సెంటిమెంటు ఎక్కడా కనపడదు.

వెల్డింగ్ మాట

ఏ ఊళ్లో అయినా వెల్డింగ్ చేస్తారన్నది సగం నిజం అన్నాను కదా. మన రోడ్‌స్టర్ సైకిళ్ల, అంటే ఈ పాత నమూనా బళ్ల గొట్టాలు మందం, కాబట్టి క్యారియరు కాలు విరిగితే ట్రాక్టరు ట్రాలీలు బాగుచేసే చోట అతికించుకోవచ్చు, నేను చేయించుకున్నాను. కానీ ఇప్పుడు ఊళ్లో ఉండేది గేట్లకీ గ్రిల్స్‌కీ వాడే కరెంటు వెల్డింగ్, అది ఫ్రేము గొట్టానికి పెడితే చేయి తిరగనివాడు చిల్లి పెట్టేస్తాడు. విదేశీ పాత టూరింగ్ సైకిళ్లలో వాడిన రేనాల్డ్స్ 531 లాంటి పల్చటి గొట్టాలైతే మరీ జాగ్రత్త. వాటిని అతికేది ఇత్తడితోనో వెండితోనో, తక్కువ వేడి మీద. గ్యాస్ వెల్డింగ్ తెలిసినవాడు దొరక్కపోతే ముట్టుకోనివ్వకపోవడమే మంచిది. ఫ్రేము విరిగేదాకా రానివ్వకుండా ముందే తుడిచి చూసుకోవడం దీనికంటే నమ్మకమైన ఉపాయం.

వాడు అడిగినదానికి జవాబు

ఇక్కడ మా వాడి ప్రశ్న నాకు ఇంకో రకంగా అర్థమైంది. వాళ్ల తాతగారి అట్లాస్ కూడా చెబుతుంది, నిజమే. కానీ ఎవరికి చెబుతుంది? దాని చప్పుళ్లన్నీ తెలిసింది ఆ పెద్దాయనకి. మనవడికి అది కొత్త బండి కిందే లెక్క, పైగా గోనెపట్టా కింద టైర్లు ఎండి పగుళ్లిచ్చి ఉంటాయి, లోపల గ్రీజు గట్టిపడి ఉంటుంది. పాత స్టీలు సైకిలు కొనండి, కోనసీమ వెళ్లండి అని చెప్పేవాళ్లు ఈ ముక్క దాటేస్తారు. నిన్న సెకండ్ హ్యాండ్‌లో కొని రేపు బయల్దేరితే పాత సైకిలంత టెన్షన్ పెట్టేది ఇంకోటి ఉండదు. ఏది మామూలు చప్పుడో, ఏది జబ్బో తెలియక ప్రతి కిలోమీటరుకీ ఆగాలి.

అందుకే ప్రేమా, ఉపయోగమా అని విడదీసి అడిగితే నేను చెప్పలేను. ఇష్టం లేనివాడు ఏళ్ల తరబడి ఒకే సైకిలు తొక్కడు, తొక్కనివాడికి దాని మాట తెలియదు. పూర్తిగా విప్పించి ఓవరాయిలింగ్ చేయించు, నువ్వూ పక్కన కూర్చుని చూడు, ఒక వానాకాలమంతా ఆఫీసుకి దాని మీదే వెళ్లు, ఆ తర్వాత టూరు మాట ఆలోచిద్దాం అన్నాను. అంత ఓపిక లేకపోతే, ఈ చలికాలమే వెళ్లి తీరాలంటే, కొత్తది కొనుక్కో, అందులో చిన్నతనం ఏమీ లేదు అని కూడా చెప్పాను. షాపువాడు చెప్పినంత కూడా అక్కర్లేదు. డెల్టా చదునుగా ఉంటుంది.

గాలి, ఆ తర్వాత ఘాట్ రోడ్డు

చదునే గానీ, అక్కడ కొండల బదులు గాలి ఉంది. చలికాలంలో బందరు నుంచి కాకినాడ వైపు వెళ్తే ఈశాన్యపు గాలి సరిగ్గా మొహానికి కొడుతుంది. గంటకి 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నవాడికి అంతే వేగంతో ఎదురుగాలి వస్తే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. మన బండి మీద నిటారుగా కూర్చుంటాం కాబట్టి ఆ గాలంతా గుండెల మీదే. 18 పళ్ల ఫ్రీవీలుతో పెడలు ఒక్క చుట్టు తిరిగితే సైకిలు సుమారు 5.4 మీటర్లు ముందుకెళ్తుంది, సామానుతో ఎదురుగాలిలో అది మోకాళ్ల మీద పెద్ద బరువు. నేను 20 పళ్లది వేయించాను, చుట్టుకి 4.9 మీటర్లు. వినడానికి చిన్న తేడా, మధ్యాహ్నం యానాం వంతెన మీద మాత్రం చాలా పెద్ద తేడా. చలికాలంలో వెళ్లేవాళ్లు కాకినాడలో బయల్దేరి కిందకి రావడం మేలు.

బరువు గురించి జనం ఎక్కువ దిగులు పడతారు. మనిషి, సామాను, నీళ్లు అన్నీ కలిపి నూరు కిలోలు కదిలేటప్పుడు సైకిలు ఎనిమిది కిలోలు ఎక్కువైతే చదును నేల మీద పెద్దగా తెలియదు. ఎక్కేటప్పుడు తెలుస్తుంది, అప్పుడు దిగి నడుస్తాను. నడవడం నాకు బాధ కాదు.

దిగడమే సమస్య. శ్రీశైలం దారిలో మన్ననూరు నుంచి అడవి గుండా వెళ్తుంటే ఆ రోడ్డంత బాగున్న రోడ్డు ఇంకోటి లేదనిపించింది. దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపుల్లో సన్నగా తుంపర మొదలైంది. కడ్డీ బ్రేకు రబ్బర్లు రిమ్ముకి లోపలి వైపు నుంచి పట్టుకుంటాయి, రిమ్ముకేమో క్రోమియం పూత. తడిస్తే ఆ రెండిటి మధ్య పట్టు అనేది దాదాపు ఉండదు. రెండు లీవర్లూ గట్టిగా పట్టినా సైకిలు తన దారిన తను పోతోంది. మొదటి మలుపులోనే దిగిపోయి, డ్యామ్ దాకా నడిపించుకుంటూ వెళ్లాను. ఇంతసేపూ చెప్పి చెడిపోతుంది అంటూ వచ్చాను గానీ, తడిసిన బ్రేకు విషయంలో ఆ మాట వర్తించదు. పట్టదని తెలిసే సమయానికి మలుపు వచ్చేసి ఉంటుంది.

కాబట్టి ఘాట్ రోడ్డుకి ఈ బండి ఉన్నది ఉన్నట్టుగా పనికిరాదు, ఎవరు అడిగినా ఇదే చెబుతాను. మార్చుకుంటే పనికొస్తుంది. పాత సైకిళ్ల ప్రేమికుల్లో కొందరికి ఒక్క నట్టు మారినా ప్రాణం మీదకొస్తుంది, ఒరిజినల్‌గానే ఉండాలంటారు. ఇంట్లో అందంగా నిలబెట్టుకునేదైతే అలాగే ఉంచుకోవచ్చు. మా మామయ్య మాత్రం సీటు చిరిగితే సీటు మార్చారు, హ్యాండిలు విరిగితే వేరే కంపెనీది వేయించారు, గట్టు మీద పని ఆగకూడదు గనక. నాదీ అదే పద్ధతి. ముందు చక్రానికి కాలిపర్ బ్రేకు, అంటే రిమ్ముని రెండు పక్కల నుంచి నొక్కి పట్టేది, వేయించాలని ఉంది. అది పట్టాలంటే రిమ్ము పక్కలు చదునుగా ఉండాలి, నా రిమ్ముకి గుండ్రంగా ఉన్నాయి. అంటే 28 అంగుళాల టైరు సరిపోయే వేరే రకం రిమ్ము, 32 చిల్లులది, అల్యూమినియందైతే మరీ మంచిది, తడిలో కాస్త నయంగా పడుతుంది. బెజవాడ షాపుల్లో అడిగాను, లేదన్నారు. లూథియానా నుంచి తెప్పించి చూస్తానని ఒకాయన మాటిచ్చాడు. అది వచ్చేదాకా నా తిరుగుడంతా కాలువ గట్ల మీదే, ఈసారి అవనిగడ్డ మీదుగా రేపల్లె, బాపట్ల, చీరాల.